స్పృహ తప్పిన సంగతి లైసెన్స్ ఫారంలో రాయాలా?

మీ ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంది కాబట్టి చదివేవాళ్ళ కోసం ముందు క్లుప్తంగా చెబుతాను. మీకు 47 ఏళ్లు. రెండేళ్లుగా షుగరుకి ఇన్సులిన్ తీసుకుంటున్నారు. నాలుగు నెలల కిందట ఆఫీసు మీటింగులో కూర్చుని ఉండగానే స్పృహ తప్పింది. ఒకటి రెండు నిమిషాల్లో తేరుకున్నారు. డాక్టరుకి చూపించుకోలేదు. ఇప్పుడు లైసెన్స్ రెన్యువల్ వచ్చింది. ఫారంలో స్పృహ తప్పడం గురించి ప్రశ్న ఉంది. "ఒక్కసారే కదా, లేదు అని టిక్కు పెట్టేస్తే ఏమవుతుంది? నిజం రాస్తే లైసెన్స్ పోతుందా? మళ్ళీ డ్రైవింగ్ టెస్ట్ పెడతారా?" అని అడిగారు. చివర్లో మీ నాన్నగారి సంగతి. ఆయనకి 76 ఏళ్లు, ఇంకా కారు నడుపుతున్నారు, పక్కన కూర్చోవాలంటే మీకు భయంగా ఉంది, ఆ మాట ఆయనకి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

నేను జనరల్ ఫిజీషియన్‌ని. ప్రాక్టీసు మొదలుపెట్టి 28 ఏళ్లయింది. అందులో చాలాకాలం లారీ, బస్సు డ్రైవర్లకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు రాసే పని కూడా చేశాను. సూటిగా చెప్పాలంటే, రాయండి. అయితే ఫారం కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ రోజు ఎందుకు పడిపోయారో తేలేదాకా స్టీరింగ్ ముట్టుకోకండి. నాలుగు నెలలుగా ఏమీ కాలేదు కదా అని మీరు అనుకోవచ్చు. ఏమీ కాలేదు నిజమే, కానీ ఎందుకు కాలేదో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

చాలామంది లైసెన్సుకి ఏ జబ్బులు అడ్డం అని జాబితా అడుగుతారు. జాబితాతో లాభం తక్కువ. సర్టిఫికెట్ రాసే డాక్టర్ మనసులో తిరిగే ప్రశ్న వేరే ఉంటుంది. ఇది చెప్పి వచ్చే జబ్బా, చెప్పకుండా వచ్చే జబ్బా? ఒక మోకాలు అరిగిపోయిన మనిషికి క్లచ్ తొక్కితే నొప్పి వస్తుంది, ఆ సంగతి ఆయనకి బండి ఎక్కకముందే తెలుసు. ఆటోమేటిక్ బండి తీసుకుంటాడు, లేదా నడపడం మానేస్తాడు. ఒక చెయ్యి లేనివాళ్ళు బండిలో మార్పులు చేయించుకుని దశాబ్దాల పాటు ఏ ప్రమాదమూ లేకుండా నడిపినవాళ్ళున్నారు. చూడ్డానికి పెద్ద లోపంలా కనిపించేది చాలాసార్లు రోడ్డు మీద చిన్న సమస్య. చూడ్డానికి నవనవలాడే మనిషి, ఏడాదికి ఒక్కసారి పది సెకన్లు స్పృహ పోయే మనిషి, రోడ్డు మీద పెద్ద సమస్య. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. పది సెకన్లంటే 170 మీటర్లు, నడిపేవాడు లేకుండా.

మీ విషయంలో నన్ను కలవరపెట్టిన మాట "కూర్చుని ఉండగా" అన్నది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

మనుషులు స్పృహ తప్పడానికి అన్నిటికంటే ఎక్కువగా కనబడే కారణం మామూలు మూర్ఛ, అంటే ఫిట్స్ కాదు, కళ్ళు తిరిగి పడిపోవడం. రక్తం చూసి పడిపోవడం, ఎండలో చాలాసేపు నిలబడి పడిపోవడం, ఖాళీ కడుపున ప్రార్థనలో నిలబడ్డ స్కూలు పిల్లలు పడిపోవడం, ఇవన్నీ అదే. నాడి నెమ్మదిస్తుంది, రక్తపోటు పడిపోతుంది, మెదడుకి ఒక్క క్షణం రక్తం చాలదు. దీనికి మూడు గుర్తులుంటాయి. నిలబడి ఉన్నప్పుడు వస్తుంది. ఏదో ఒక కారణం ఎదురుగా కనిపిస్తుంది. ముందుగా హెచ్చరిక ఇస్తుంది: కడుపులో తిప్పడం, చల్లటి చెమట, కళ్ళు బైర్లు కమ్మడం, చెవుల్లో హోరు. ఈ మూడూ ఉంటే డ్రైవింగ్ విషయంలో మేం పెద్దగా కంగారు పడం. కూర్చున్న మనిషికి, ఏ కారణమూ లేకుండా, ఏ హెచ్చరికా లేకుండా వస్తే మాత్రం ఆలోచన పూర్తిగా మారిపోతుంది. కారులో మనం కూర్చునే ఉంటాం కదా.

అప్పుడు మూడు వైపుల చూస్తాం. మొదటిది గుండె. లయ తప్పితే, లేదా కవాటం బాగా ఇరుకైపోతే, మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూనే వాలిపోతాడు, తేరుకోగానే ఏమీ జరగనట్టు ఉంటాడు. ఈసీజీ తీస్తారు, గుండె స్కానింగ్ చేస్తారు, అవసరమైతే ఒకటి రెండు రోజులు ఒంటికి తగిలించుకుని తిరిగే హోల్టర్ అనే రికార్డరు పెడతారు. రెండోది ఫిట్స్. ఫిట్స్ అంటే కాళ్ళూ చేతులూ కొట్టుకోవడమే అనుకుంటారు. కొన్నిటిలో మనిషి చూపు నిలిపేసి, చప్పరిస్తూ, చొక్కా గుండీలు తడుముతూ ఒక నిమిషం ఉండిపోతాడు, అంతే. నాలుక పక్కన కొరుక్కోవడం, తేరుకున్నాక పావుగంట దాకా ఎక్కడున్నదీ తెలియకపోవడం, ఒళ్ళంతా నొప్పులు, ఇవి ఫిట్స్ వైపు వేలు చూపిస్తాయి. మామూలు మూర్ఛలో పడిపోయినవాళ్ళకి కూడా రెండు మూడు సార్లు చేతులు అదరవచ్చు, దాన్ని చూసి పక్కవాళ్ళు ఫిట్స్ అనేస్తారు. అందుకే పడిపోయిన మనిషి చెప్పేదానికంటే చూసినవాళ్ళు చెప్పేది మాకు ఎక్కువ విలువైనది. ఆ మీటింగులో మీ పక్కన కూర్చున్న సహోద్యోగిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, లేదా ఫోనులో మాట్లాడించండి. స్కానింగు కంటే ఆ పది నిమిషాల మాటలే ఎక్కువసార్లు నిజం తేల్చాయి. ఇది నా అనుభవం.

మూడోది షుగర్ పడిపోవడం. మీరు ఇన్సులిన్ మీద ఉన్నారు కాబట్టి నాకు మొదటి అనుమానం దీని మీదే. మీటింగు మధ్యాహ్నం భోజనం దాటి సాగిందా అని మీరు రాయలేదు, అది గుర్తు చేసుకోండి. షుగర్ ఎక్కువైతే మనిషి నెమ్మదిగా నీరసపడతాడు. తక్కువైతే నిమిషాల్లో తేడా వచ్చేస్తుంది. మామూలుగా వణుకు, చెమట, గుండెదడ, ఆకలి ముందే వచ్చి చెబుతాయి. కానీ ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్ళలో, తరచూ షుగర్ పడిపోతూ ఉండేవాళ్ళలో ఆ హెచ్చరికలు మొద్దుబారిపోతాయి. నేరుగా తికమక, ఆ తర్వాత స్పృహ పోవడం. అంటే చెప్పి వచ్చే జబ్బు కాస్తా చెప్పకుండా వచ్చే జబ్బుగా మారుతుంది. బీపీకి ఇచ్చే కొన్ని మాత్రలు, బీటా బ్లాకర్లంటాం, అవి కూడా వణుకునీ దడనీ కప్పేస్తాయి. చెమట మాత్రం పడుతుంది. కారణం లేకుండా చెమట పడితే షుగర్ చూసుకోమని అందుకే చెబుతాం.

ఈ విషయంలో బ్రిటన్‌లో డ్రైవర్లకి చెప్పే నియమం నాకు నచ్చుతుంది, ఎందుకంటే గుర్తుంచుకోవడం తేలిక. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు బండి తీయడానికి ముందు రెండు గంటల లోపు షుగర్ చూసుకోవాలి. దూర ప్రయాణమైతే ప్రతి రెండు గంటలకీ మళ్ళీ చూసుకోవాలి. రీడింగు లీటరుకి 5 మిల్లీమోల్స్, అంటే మనకి అలవాటైన లెక్కలో 90, దానికంటే తక్కువుంటే ముందు ఏదైనా తినాలి. 4, అంటే దాదాపు 72, దానికి దిగితే నడపకూడదు. దారిలో షుగర్ పడిపోయినట్టు అనిపిస్తే బండి పక్కకి తీసి, ఇంజను ఆపి, డ్రైవరు సీట్లోంచి లేచి పక్కకి మారి, తీపి తీసుకోవాలి. షుగర్ మామూలుకి వచ్చాక కూడా 45 నిమిషాలు ఆగాలి. ఈ 45 నిమిషాల మాట దగ్గరే అందరూ గొణుగుతారు. రీడింగు బాగానే ఉంది కదా అంటారు. రక్తంలో షుగర్ ఎక్కినంత తొందరగా మెదడు తేరుకోదు, సంగతి అదీ.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి ఈ భయం దాదాపు లేదు. ఇన్సులిన్ లేకపోయినా గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ లాంటివి వాడేవాళ్ళకి ఉంది. మీ చీటీ మీద ఏముందో చూసుకోండి.

మీరు అసలు అడిగిన సంగతికి వస్తాను. రాస్తే లైసెన్స్ పోతుందా? చాలా దేశాల్లో సమాధానం "కొన్నాళ్లు ఆగాలి" అనే. యూరప్ దేశాల్లోనూ బ్రిటన్‌లోనూ ఫిట్స్ జబ్బు ఉన్నవాళ్ళు మామూలు కారు లైసెన్సుకి ఏడాది పాటు ఫిట్స్ లేకుండా ఉంటే చాలు. కారణం తెలియని మొట్టమొదటి ఫిట్ అయితే పరీక్షలన్నీ బాగుంటే ఆరు నెలలు. పెద్ద బండ్లకి మాత్రం ఏళ్ల లెక్క. మందులు లేకుండా పదేళ్లు ఫిట్స్ రాకూడదు. గుండెపోటు వచ్చి యాంజియోప్లాస్టీ సవ్యంగా జరిగితే బ్రిటన్‌లో కారు వరకు ఒక వారం, అది లేకపోతే నాలుగు వారాలు. పేస్‌మేకర్ పెడితే ఒక వారం. వింటే ఇంతేనా అనిపిస్తుంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది జీవితాంతం నడపకూడదేమో అనుకుని దాచిపెడతారు, తీరా చూస్తే నెల రోజుల ఆగడం తప్ప ఇంకేమీ ఉండదు.

ఇండియాలో ఈ గడువుల పద్ధతి అంత స్పష్టంగా లేదు, ఈ మాట ఒప్పుకోవాలి. ఫారం 1 అనే స్వీయ ప్రకటనలో ఫిట్స్ గానీ, ఏ కారణం వల్లనైనా హఠాత్తుగా స్పృహ తప్పడం, తల తిరగడం గానీ ఉన్నాయా అని అడుగుతారు. ఉన్నాయంటే తర్వాతి దారి ఎంతకాలం కిందట అన్నదాన్ని బట్టి తేలదు. నరాల డాక్టర్లు దీన్ని మార్చమని చాలాకాలంగా అడుగుతున్నారు. నేనూ వాళ్ళ పక్షమే. నిజం చెప్పినవాడికి ఒక గడువు, ఒక దారి చూపించకపోతే అబద్ధం చెప్పడాన్ని చట్టమే నేర్పినట్టవుతుంది. అయినా మీకు "లేదు" అని రాయమని చెప్పలేను. మీ విషయంలో ఇంకా జబ్బు పేరే తేలలేదు. కారణం షుగర్ పడిపోవడమే అని తేలితే, మోతాదు మార్చి, మూడు నెలల రీడింగులు చూపించి, చికిత్స చేసే డాక్టర్ రాసిన ఉత్తరం జతచేసి ఫారం ఇస్తే కథ వేరు. ఏమీ తేల్చుకోకుండా "అవును" అని రాసినా ఇబ్బందే, "లేదు" అని రాసినా ఇబ్బందే. కాబట్టి ముందు డాక్టరు, తర్వాత ఫారం. 40 ఏళ్లు దాటినవాళ్ళకి ఇండియాలో డాక్టర్ సంతకం పెట్టే ఫారం 1ఏ ఎలాగూ కావాలి. ఆ సంతకం పెట్టే డాక్టరుకి కూడా ఈ సంగతి దాచకండి.

దాచితే ఏమవుతుందని అడిగారు కాబట్టి రెండు సంఘటనలు చెబుతాను. 2014 డిసెంబర్ 22న స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరం నడిబొడ్డున చెత్త తీసుకెళ్ళే లారీ ఒకటి క్రిస్మస్ కొనుగోళ్ళకి వచ్చిన జనం మీదికి దూసుకెళ్ళింది. ఆరుగురు చనిపోయారు. డ్రైవరు స్టీరింగ్ ముందు స్పృహ తప్పాడు. అంతకు నాలుగేళ్ల ముందు, 2010లో, ఆగి ఉన్న బస్సులో డ్రైవరు సీట్లో కూర్చుని ఉండగా ఆయన ఒకసారి స్పృహ తప్పాడు. ఆ సంగతి డాక్టర్లకి ఉన్నదున్నట్టు చెప్పలేదు, తర్వాత ఉద్యోగ దరఖాస్తుల్లోనూ లైసెన్స్ ఫారాల్లోనూ రాయలేదు. నిజం చెప్పి ఉంటే ఈ ప్రమాదం తప్పేదేమోనని విచారణలో తేల్చారు. కూర్చుని ఉండగా, ఒక్కసారి. మీ ఉత్తరంలో ఉన్న మాటలే.

రెండోది జపాన్‌లోని కనుమలో, 2011 ఏప్రిల్ 18న. క్రేన్ బండి నడుపుతున్న మనిషికి ఫిట్స్ వచ్చి, బడికి వెళ్తున్న ఆరుగురు పిల్లలు చనిపోయారు. ఆయన జబ్బు సంగతి దాచి లైసెన్స్ తీసుకున్నాడు, మందులు కూడా సరిగ్గా వేసుకోలేదు. ఆ పిల్లల తల్లిదండ్రులు ఊరుకోలేదు. ఆ తర్వాత అక్కడ చట్టం మార్చారు. లైసెన్స్ తీసుకునేటప్పుడు ఆరోగ్యం గురించి అడిగే ప్రశ్నలకి తప్పుడు జవాబు రాయడమే నేరం ఇప్పుడు. ఆ డ్రైవరు చెడ్డవాడని నేను అనను. జబ్బు ఉందంటే పని పోతుంది, పని పోతే ఇల్లు గడవదు. నా గదిలో కూర్చుని సరిగ్గా ఇదే చెప్పి కన్నీళ్ళు పెట్టుకున్న లారీ డ్రైవర్లని చూశాను. వాళ్ళకి నేను చెప్పేది, పెద్ద బండి వద్దు, ఇంకో పనికి ఉత్తరం రాసిస్తాను అని. కొందరు విన్నారు. కొందరు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళి సంతకం చేయించుకున్నారు.

కళ్ళ గురించి మీరు అడగలేదు గానీ, షుగర్ ఉంది కాబట్టి చెప్పాలి. అందరూ అక్షరాల పట్టీ చదివేస్తే కళ్ళు బాగున్నట్టే అనుకుంటారు. ఆ పట్టీని నెదర్లాండ్స్‌కి చెందిన హెర్మన్ స్నెల్లెన్ 1862లో తయారుచేశాడు, అప్పటికి కారే లేదు. వెలుతురున్న గదిలో, కదలని నల్లటి అక్షరాన్ని ఎదురుగా చదవగలరా అని మాత్రమే అది చెబుతుంది. పక్క నుంచి వచ్చే సైకిలు గురించి చెప్పదు, ఎదురు బండి హెడ్‌లైట్ల గురించి చెప్పదు. అందుకే చాలాచోట్ల నంబరు ప్లేటు చదివించడం కూడా పెట్టారు. బ్రిటన్‌లో 20 మీటర్ల నుంచి చదవాలి, ఇండియా ఫారంలో 25 మీటర్లు. బ్రిటన్‌లో డ్రైవింగ్ టెస్ట్ మొదలయ్యేదే దాంతో. చదవలేకపోతే టెస్టు అక్కడితో ఆగిపోతుంది. పక్క చూపుకి కనీసం 120 డిగ్రీలు ఉండాలన్నది యూరప్ కొలత.

ఈ పక్క చూపు విషయంలోనే నేను ఒకసారి తప్పు చేశాను. యాభై దాటిన ఒక డ్రైవరు వచ్చాడు, రెండు కళ్ళూ 6/6. చూసి సంతకం పెట్టేశాను. ఏడు నెలల తర్వాత వేరే పని మీద వచ్చి మాటల్లో, "ఈ మధ్య ఎడమ పక్క అన్నీ గీసుకుపోతున్నాయండీ, బండి వెడల్పు అంచనా తప్పుతోంది" అన్నాడు. కంటి డాక్టరు దగ్గరికి పంపితే నీటికాసులు, గ్లాకోమా అంటాం. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోతోంది. నీటికాసుల్లో తమాషా ఏమిటంటే, మనిషికి అంచులు నల్లగా కనిపించవు. ఖాళీ ఉన్నచోట మెదడు ఏదో ఒకటి నింపేస్తుంది. అక్కడ ఏమీ లేదని తెలియదు, అంతే. ఎదురుగా కూర్చుని పక్కల నుంచి వేళ్ళు ఆడిస్తూ చూసే పరీక్షకి నాకు ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషం పెట్టలేదు. అప్పటి నుంచి ఎంత తొందరలో ఉన్నా మానలేదు.

షుగర్ ఉన్నవాళ్ళకి కంటి వెనక పొర చూసే పరీక్ష ఏడాదికోసారి ఎలాగూ అవసరం. అప్పుడే పక్క చూపు కూడా చూడమనండి. శుక్లాలు వేరే రకం ఇబ్బంది పెడతాయి. పగలు పట్టీ బాగా చదువుతారు, రాత్రి ఎదురు లైటు పడగానే అంతా తెల్లగా చెదిరిపోతుంది. ఆపరేషన్ చేయించుకుంటే ఎక్కువమందికి అది తీరిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళు పాపం అనవసరంగా భయపడతారు. సిగ్నల్‌లో ఏ లైటు ఎక్కడుందో స్థానాన్ని బట్టి తెలుస్తుంది. ఇండియాలోనూ 2020లో నిబంధనలు మార్చి, తేలికపాటి, మధ్యస్థ వర్ణాంధత ఉన్నవాళ్ళకి లైసెన్స్ ఇవ్వొచ్చన్నారు.

నిద్ర, మందులు. ఈ రెండూ ఏ ఫారంలోనూ సరిగ్గా ఉండవు. మీరు గురక పెడతారా? పగలు కునుకు పడుతుందా? నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు ఉంటే పదిగంటలు పడుకున్నా నిద్ర చాలదు. ఆస్ట్రేలియాలో డాక్టర్ మర్రే జాన్స్ 1991లో ఎనిమిది ప్రశ్నల కొలత ఒకటి పెట్టాడు, ఎప్‌వర్త్ స్కేల్ అంటారు. ఒక్కో సందర్భానికి సున్నా నుంచి మూడు మార్కులు. పది దాటితే నిద్ర డాక్టరుకి చూపించుకోవాలి. చివరి ప్రశ్న, ట్రాఫిక్‌లో కొద్ది నిమిషాలు బండి ఆగినప్పుడు కారులో కునుకు పడుతుందా అని. దానికి సున్నా కాకుండా ఏ మార్కు వేసుకున్నా నేను మిగతా ఏడూ చూడను. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతి చురుకు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానంగా తగ్గిపోతుందని 1997లో పరీక్షించి చూపించారు. రాత్రి డ్యూటీ చేసి ఇంటికి బయల్దేరేవాళ్ళు తాము తాగలేదు కదా అనుకుంటారు.

మందుల విషయంలో, జలుబుకీ దురదకీ వేసుకునే పాతకాలపు అలర్జీ మాత్రలు మత్తు ఎక్కిస్తాయి. నిద్ర మాత్రలు తెల్లారినా పూర్తిగా దిగవు. జోల్పిడెమ్ అనే మాత్ర వేసుకున్న ఆడవాళ్ళ రక్తంలో మర్నాడు పొద్దున కూడా డ్రైవింగుకి ఇబ్బందయ్యేంత మిగులుతోందని అమెరికాలో 2013లో వాళ్ళ మోతాదుని 10 నుంచి 5 మిల్లీగ్రాములకి, సగానికి, తగ్గించారు. కొత్త మందు ఏది మొదలుపెట్టినా మొదటి మూడు నాలుగు రోజులు నడపకపోవడం మంచిది.

డ్రైవింగ్ టెస్టు గురించి మీ టెన్షన్. ఒకవేళ పెట్టినా, అది కొత్తగా నేర్చుకున్నవాళ్ళకి పెట్టే టెస్టులా ఉండదు. అనారోగ్యం తర్వాత పెట్టే రోడ్డు పరీక్షలో పక్కన కూర్చున్నాయన మీరు ఒంటిచేత్తో స్టీరింగ్ తిప్పారా, గేర్లు ఎలా మార్చారు లాంటివి అంతగా పట్టించుకోడు. ఇరవై ఏళ్లుగా నడిపేవాళ్ళందరికీ చెడ్డ అలవాట్లు ఉంటాయి. ఆయన చూసేది వేరు. కూడలి దగ్గర రెండు పక్కలా చూశారా, లేన్‌లో ఒక పక్కకే జారిపోతున్నారా, ముందు బండి బ్రేకు వేసినప్పుడు ఆలస్యంగా స్పందించారా, "మూడో మలుపు దగ్గర కుడికి" అంటే గుర్తు పెట్టుకున్నారా. తప్పు చూపిస్తే రెండోసారి దిద్దుకున్నారా అన్నది ఇంకా ముఖ్యం. దానికి ముందు వారంలో అలవాటైన బండిలో పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని సాధన చేయండి, కానీ డాక్టరు నడపమన్నాకే.

ఇక నాన్నగారు. వయసు 76 అన్నది నాకు ఏమీ చెప్పదు. ఎనభై రెండేళ్ల మనిషి నాకంటే బాగా నడపడం చూశాను. మీరు రాసిన మిగతా మాటలు చెబుతున్నాయి. తెలిసిన దారిలో దారి తప్పడం, బండి మీద కొత్త గీతలు ఎలా పడ్డాయో తెలియకపోవడం, బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కడం, వెనకవాళ్ళు హారన్ కొడుతుంటే కోపం రావడం. గీతలు, సొట్టలు ఎక్కువవడం కళ్ళ వల్ల కావచ్చు, మెడ తిరక్కపోవడం వల్ల కావచ్చు. తెలిసిన దారి తప్పడం మాత్రం మతిమరుపు వైపు చూపిస్తుంది, దాన్ని వాయిదా వెయ్యకండి.

జపాన్‌లో 75 దాటినవాళ్ళు రెన్యువల్‌కి వస్తే జ్ఞాపకశక్తి పరీక్ష తప్పనిసరి. లైసెన్స్ తమంతట తాము తిరిగి ఇచ్చేసే పద్ధతి అక్కడ 1998 నుంచి ఉంది. ఇచ్చేసినవాళ్ళకి గుర్తింపు కార్డులా పనికొచ్చే ధ్రువపత్రం ఇస్తారు, బండి నడిపిన మనిషని చెప్పే పత్రం అది. ఆ ఆలోచన ఎవరిదో గానీ మనిషి మనసు తెలిసినవాళ్ళది. పెద్దాయన చేతిలోంచి తాళాలు లాక్కుంటే ఆయనకి పోయేది కారొక్కటే కాదు. ఎక్కడికైనా పోవాలంటే ఇక పిల్లల్ని అడగాలి. అందుకే "మానెయ్యండి" అనే మాట ఎవరి నోటి నుంచైనా వచ్చే ముందు, మానేస్తే ఆయన బయటికి ఎలా వెళ్తారో, ఎవరు తీసుకెళ్తారో, వారంలో ఏ రోజుల్లోనో, అది తేల్చుకోండి. అంతవరకు రాత్రి నడపకపోవడం, వానలో నడపకపోవడం, కొత్త దారుల్లో వెళ్ళకపోవడం, ఈ మూడిటికి చాలామంది పెద్దవాళ్ళు సులభంగానే ఒప్పుకుంటారు. నిజానికి సగం మంది అప్పటికే తమంతట తామే మానేసి ఉంటారు, చెప్పరంతే. దారి తప్పుతున్నవాళ్ళకి మాత్రం ఈ సర్దుబాటు చాలదు, పరీక్ష అయ్యేదాకా ఆయన్ని ఎలాగోలా మీరే తిప్పండి.

బండి మానెయ్యమనే మాట మీ నోటితో చెప్పకండి. అది మా పని. కొడుకు చెబితే కోపం వస్తుంది, డాక్టరు చెబితే డాక్టరు మీద కోపం వస్తుంది, అది మాకు అలవాటే. మీ షుగర్ పరీక్షలకి వెళ్ళే రోజునే ఆయన్నీ తోడుగా తీసుకెళ్ళండి. కళ్ళు చూపించుకుందామని, బీపీ చూపించుకుందామని చెప్పండి. ఆయన వేసుకునే మాత్రలన్నీ, నిద్రకి వేసుకునేవి కూడా, డబ్బాలతో సహా ఒక సంచిలో వేసుకోండి. బండి మీద గీతల ఫోటోలు ఫోన్లో ఉంచుకుని డాక్టరుకి విడిగా చూపించండి. తాళాల సంగతి ఆ రోజు ఎత్తకండి.